పాల పైపుల వంపులు

మా దుకాణంలోకి ఎవరు అడుగుపెట్టినా ముందు దొంగ అనే అనుకుంటాను. కాదని తేలాక చాయ్ తెప్పిస్తాను. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. హుజూర్‌నగర్‌లో పాత ఇనుము, స్టీలు కొనే దుకాణం పెట్టుకుని, అందరినీ నమ్ముతూ నవ్వుతూ కూర్చుంటే మూడు నెలల్లో షట్టరు దించుకోవాలి. నేను ఇన్నేళ్ళయినా దించుకోలేదు.

నా పుట్టిల్లు కోస్గి దగ్గర. గొర్ల కాపరుల ఇల్లు. మా బాపు సంతలో గొర్రెను కొనాలంటే పళ్ళు చూసేవాడు, వీపు నిమిరేవాడు, అమ్మేవాడి మొహం చూసేవాడు, మళ్ళీ పళ్ళు చూసేవాడు. పక్కవాళ్ళ మందలో తన పిల్ల ఏదన్నా కలిసిందేమోనని రోజూ పొద్దుగూకే వేళ వెళ్ళి చూసి వచ్చేవాడు. ఒక్కనాడూ దొరకలేదు. అయినా వెళ్ళడం మానలేదు. ఆయన నాకిచ్చిన ఆస్తి ఆ చూపొక్కటే. మా ఆయన అందుకు పూర్తిగా తలకిందులు. ఎవరేం చెప్పినా 'అట్లనా' అని నోరు తెరుచుకుని నమ్ముతాడు. అందుకే ఆయన్ను ట్రాలీ ఆటో మీదకు తోలి, తెలంగాణ వచ్చిన ఏడాది తూకం కాంటా పక్కన కుర్చీలో నేను కూర్చున్నాను.

మొదట్లో స్టీలంటే అంతా ఒకటే అనుకున్నాను. నికెల్ అనే మాట ముప్పై ఏళ్ళు దాటాక విన్నాను. మా దగ్గర సామాను కొనుక్కుపోయే హైదరాబాద్ సేటు చెప్పాడు: మెరుపు చూసి మోసపోవద్దమ్మా, స్టీలు విలువ దానిలో కలిసిన నికెల్‌లో ఉంటుంది, ఆ నికెల్ మన దేశంలో తవ్వి తీసేది లేదు, అంతా ఓడల మీద బయటి నుంచి రావాలి, కాబట్టి పాత స్టీలే మనకు గని, మీ దుకాణమే గని అన్నాడు. ఇంత పొగుడుతున్నాడంటే ఇవాళ ధరలో ఏదో కోత పెడతాడని నాకు వెంటనే అర్థమైంది. అట్లాగే పెట్టాడు.

ఆ ధర సంగతి కూడా నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఎక్కడో లండన్ మార్కెట్‌లో నికెల్ ధర పడితే హుజూర్‌నగర్‌లో పాత గరిటె ధర ఎందుకు పడాలి? పడిన రోజు సేటు పొద్దున్నే ఫోన్ చేసేవాడు. పెరిగిన రోజు మధ్యాహ్నం దాకా ఆయన ఫోనే కలిసేది కాదు. రష్యా యుద్ధం మొదలైన రోజుల్లో నికెల్ ధర పూనకం వచ్చినట్టు లేచింది. నా దగ్గర గది నిండా స్టీలు. ఫోన్ చేస్తే, లండన్‌లో అమ్మకాలే ఆపేశారమ్మా, ధర చెప్పేవాడే లేడు అన్నాడు సేటు. ఇంత పచ్చి అబద్ధం పుట్టి బుద్ధెరిగి వినలేదని తిట్టిపోశాను. మా అమ్మాయి ఫోన్లో వార్త తీసి చూపించింది. నిజమే. లండన్ వాళ్ళూ సేటూ కలిసి ఆడుతున్న నాటకమేమోనని చాలా రోజులు నాకు లోపల గుబులుగానే ఉండింది.

స్టీలును పట్టుకునే పద్ధతి చెప్పకపోతే తర్వాత కథ అర్థం కాదు. నికెల్ బాగా కలిసిన స్టీలుతో పాల ట్యాంకులు, దవాఖాన సామాను, మందుల కంపెనీల పైపులు చేస్తారు. అది అయస్కాంతానికి అంటుకోదు. నికెల్ బొత్తిగా లేని స్టీలూ అట్లాగే తళతళలాడుతుంది గాని, అయస్కాంతం పెడితే టక్కున పట్టుకుంటుంది. ఈ రెంటి నడుమ ఇంకో మాయదారి రకం ఉంది. నికెల్ కొంచెమే వేసి, మిగతాది మాంగనీసుతో సరిపెట్టింది. పెళ్ళిళ్ళలో చదివించే గిన్నెలు, బిందెలు చాలావరకు ఆ రకమే. దానికీ అయస్కాంతం అంటుకోదు. దాన్ని పట్టుకోవడానికి చిన్న సీసాలో మందు దొరుకుతుంది. ఆకురాయితో గీకి, ఒక చుక్క వేసి, బ్యాటరీ తీగ తాకిస్తే మాంగనీసు స్టీలు మీద చుక్క ఎర్రగా మారుతుంది. మంచి స్టీలు మీద మారదు. అయస్కాంతం నా తాళంచెవుల గుత్తికే ఉంటుంది. సీసా నా వెనక అలమారలో.

ఈ రెండూ కాక నా కళ్ళుండనే ఉన్నాయి. మన దగ్గర గిన్నె మీద పేరు కొట్టించనిదే ఎవరికీ నిద్ర పట్టదు. ఎవరి పెళ్ళికి ఎవరు చదివించారో, ఏ ఊరో, అంతా చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. తెచ్చిన మనిషిది ఒక ఊరు, బిందె మీద ఇంకో ఊరు ఉంటే నేను ఊరుకోను. ఆ ఊరు నీకు ఏమవుతుంది, ఆ పేరు మనిషి ఎవరు, ఎందుకు అమ్ముతున్నారు అని కూపీ లాగుతాను. ఒకసారి ఒక ముసలామె చివరికి విసిగిపోయి, అది తన పేరేనని, చదువు రాక చూపించలేకపోయానని చెప్పి ఏడ్చింది. చాయ్ తెప్పించాను.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో నేను పళ్ళు చూడకుండా కొన్నది ఒక్క మనిషి దగ్గరే. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. మాకు కొన్ని మైళ్ళ దూరంలో ప్రైవేటు పాల కేంద్రం ఒకటుంది. ఊళ్ళ నుంచి వచ్చిన పాలను చల్లబరిచి ట్యాంకరుకు ఎక్కించే చోటు. అక్క అందులో క్యాన్లు కడిగేది, నేల కడిగేది. మిషన్లకు కొత్త పైపులు బిగించినప్పుడు పాతవి తీసుకుపోయి అమ్మి రసీదు తెచ్చే పని కూడా అక్కడి మేనేజరు ఆమెకే అప్పగించాడు. ఆమెకు ముందు, ఆమె తల్లి బతుకంతా పరాయి పొలాల్లో కూలికి పోయింది. వాళ్ళింట్లో నెల జీతం ఎరిగిన మొదటి మనిషి తనేనని అక్క ఒకసారి నాతో చెప్పింది. ఆ మాట చెప్తున్నప్పుడు ఆమె గొంతులో ఉన్న గర్వం నాకు బాగా నచ్చింది. ఆదివారం చర్చికి పోవాలి కాబట్టి సామాను ఎప్పుడూ శనివారమే తెచ్చేది. పైపులు ఒక పక్క, మూతలు ఒక పక్క, నట్లు డబ్బాలో. ఇనుప మేకు ఒక్కటి కలిసేది కాదు. పదేళ్ళు అట్లా జరిగింది.

రెండేళ్ళ కిందటి ఎండాకాలం నా లోడు ఒకటి హైదరాబాద్ నుంచి తిరిగొచ్చింది. నొక్కి కట్టిన మూటల నడుమ నికెల్ లేని ముక్కలు దాచి పెట్టారని, ఇట్లాంటి సామాను పంపితే ఇక మీ గడప తొక్కనని సేటు నానా మాటలన్నాడు. నన్ను! అందరినీ అనుమానించే నన్ను ఎవరో నా కుర్చీ ముందే మోసం చేసి పోయారు. వారం రోజులు అన్నం సయించలేదు. ఎవరై ఉంటారని వచ్చినవాళ్ళందరి మొహాలూ గుర్తు తెచ్చుకున్నాను. మిర్యాలగూడ నుంచి మూటలు తెచ్చే దళారీ మీదకు అనుమానం పోయింది. వాడు అప్పటికే రావడం మానేశాడు. దొరికితే కదా తిట్టడానికి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఒక శనివారం అక్క వచ్చింది. ట్రాలీ నిండా పాల పైపుల ముక్కలు. అన్నీ వంపులే. పైపు మలుపు తిరిగే చోట బిగించే మోచేతుల్లాంటి ముక్కలు. అక్క చెవులకు కొత్త కమ్మలున్నాయి. నా కన్ను ముందు వాటి మీద పడింది. క్యాన్లు కడిగే మనిషికి ఇంత నాజూకు కమ్మలు ఎక్కడివి అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చిందన్నది నిజం, ఇప్పుడు దాచి ఏం లాభం. పదేళ్ళలో మొదటిసారి ఆమె సామాను మీద అయస్కాంతం పెట్టాను.

పట్టింది. గట్టిగా కాదు, మెల్లగా లాగింది. ఇంకో వంపు తీశాను. దానికీ పట్టింది. మూడోది, నాలుగోది. నాకు చెవుల్లోంచి పొగలు వచ్చాయి. దుకాణంలో అప్పుడు ఇద్దరు ముగ్గురు బేరగాళ్ళున్నారు, పాల కేంద్రం వ్యాను డ్రైవరు కూడా పాత బ్యాటరీ అమ్మడానికి వచ్చి నిలబడి ఉన్నాడు. అందరి ముందూ అడిగాను.

"అక్కా, గిదేంది? అన్నిటికి మాగ్నెట్ పడుతాంది. మంచియి ఏడ వెట్టొచ్చినవ్?"

అక్కకు మొదట నా మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం మాడిపోయింది. విప్పినవి విప్పినట్టే తెచ్చానని, మధ్యలో ఎక్కడా ఆగలేదని చెప్పింది. అందరూ అట్లాగే చెప్తారన్నాను. తిరిగొచ్చిన లోడు సంగతి ఎత్తాను. ఆ మూటల్లో చెత్త కలిపింది కూడా నువ్వేనేమో అన్నంత పని చేశాను. ఉరిమి ఉరిమి మంగళం మీద పడ్డట్టు, దళారీ మీద పడాల్సిన నా కోపమంతా ఆమె మీద పడింది. అక్క అరవలేదు, ఏడవలేదు. సామాను కాంటా మీద నుంచి తనే దించి గోడ పక్కన పెట్టింది. నీకు నమ్మకం కుదిరిన రోజు తూకం వెయ్యి అని వెళ్ళిపోయింది. తప్పు చేసింది కాబట్టే ఎదురు మాట పెగల్లేదు అనుకున్నాను. మాట్లాడితే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటోంది అనుకునేదాన్ని. నా దగ్గర రెంటికీ జవాబుంది.

అంతటితో ఆగినా బాగుండేది. సోమవారం పాల కేంద్రం మేనేజరు ఫోన్ చేశాడు. డ్రైవరు ఊరుకుంటాడా, అక్కడ చెప్పేశాడు. మేనేజరు నిదానమైన మనిషి. మా మంచి పైపులు ఎక్కడో మార్చి మీకు నాసి సరుకు తెచ్చిందంటున్నారు, మీరు చాలా ఏళ్ళుగా చూస్తున్నారు కదా, మనిషి ఎట్లాంటిదో ఒక్క మాట చెప్పండి అని అడిగాడు.

"ఇన్నేండ్లు మంచిదే అనుకున్న సార్. ఇప్పుడైతే నాకు నమ్మకం లేదు" అన్నాను.

ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు. సామాను పని నుంచే కాదు, క్యాన్లు కడిగే పని నుంచి కూడా. మా ఆయన ఆ సంగతి తెలిసి, ఆమె అట్లా చేస్తుందా అని గొణిగాడు. నీకు అందరూ మంచివాళ్ళే అని ఆయన్నీ కసిరాను. అన్నం మాత్రం ఆ పూట కూడా సయించలేదు. ఎందుకో అప్పుడు ఆలోచించుకోలేదు.

ఆ వంపులు గోడ పక్కనే పడి ఉన్నాయి. వానలు మొదలయ్యాక సేటు మనిషి ఒకడు వచ్చాడు, చేతిలో తుపాకీలాంటి మిషన్‌తో. దాన్ని స్టీలుకు ఆనించి మీట నొక్కితే లోపల నికెల్ ఎంతుందో అంకెల్లో చూపిస్తుందట. తిరిగొచ్చిన లోడు తర్వాత సేటు నా మాట మీద కొనడం మానేసి ఆ మిషన్ మాట మీద కొనడం మొదలుపెట్టాడు. నన్ను అనుమానించడానికి మిషన్ కొన్నాడని నాకు ఒళ్ళు మండింది. ఆ కుర్రవాడు గదంతా చూసి, గోడ పక్కన వంపుల మీద కూడా మిషన్ ఆనించాడు. ఆనించి, వీటిని ఎవరు పక్కన పడేశారు, మీ దుకాణంలో ఇంతకంటే మంచి సామాను లేదు అన్నాడు.

అయస్కాంతం పెట్టి చూపించాను, ఇదిగో లాగుతోంది కదా అని. వాడు నవ్వాడు. "వంచినకాడ, సుత్తె దెబ్బ పడ్డకాడ మంచి స్టీలు గూడ జర పట్టుకుంటదమ్మా. ఇన్నేండ్ల సంది కొంటున్నరు, మీకెవ్వరు చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. ఎవరన్నా చెప్పినా నమ్మేదాన్ని కాదు. అప్పుడు కూడా నమ్మలేదు, మిషన్ మీదకు పోయింది నా అనుమానం. నా టిఫిన్ డబ్బా ఇచ్చి చూడమన్నాను, నీళ్ళ బిందె ఇచ్చాను, గరిటె ఇచ్చాను. అన్నిటికీ సరిగ్గానే చెప్పింది. వాడు పోయాక అలమారలోంచి సీసా తీశాను. కింద కూర్చుని ఒక్కో వంపునూ గీకి చుక్క వేశాను. ఒక్కటీ ఎర్రబడలేదు. ఆ సీసా ఆ శనివారం కూడా అదే అలమారలో ఉంది. నా చేతికి రెండడుగుల దూరం. కోపంలో ఉన్నాను, తియ్యలేదు. తియ్యాలని కూడా అనిపించలేదు. చివరి వంపు దగ్గరికి వచ్చేసరికి నాకు కళ్ళు కనబడలేదు. ఏడుస్తున్నానని మా అమ్మాయి వచ్చి చెప్పేదాకా తెలియలేదు.

మర్నాడే అక్క వాళ్ళ ఊరు వెళ్ళాను. నాట్లకు కూలికి పోయిందన్నారు. గడప ముందు కూర్చున్నాను. పొద్దు వాలాక వచ్చింది, మోకాళ్ళ దాకా బురద. యాభై దాటిన మనిషి, మళ్ళీ తన తల్లి చేసిన పనిలోకి దిగింది. నన్ను చూసి ఆగింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పాను. వంపుల సంగతి, మిషన్ సంగతి, నాకు తెలియక జరిగిందని, అయస్కాంతం మోసం చేసిందని. అక్క చెంబు కింద పెట్టి నా వైపు తిరిగింది.

"తప్పు మాగ్నెట్‌ది కాదు చెల్లె. నువ్వు ముందు అనుకున్నవ్. తర్వాత మాగ్నెట్ పెట్టినవ్."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఏం చేయమంటావో చెప్పు అక్కా, చేస్తాను అన్నాను. నాకు చెప్తే ఏమొస్తుంది, సారుకు చెప్పు, నా పని నాకు ఇప్పించు అంది. ఆమెకు కావలసింది అదొక్కటే.

రెండు రోజుల తర్వాత ఇద్దరం కలిసి బస్సెక్కాం. ఆధార్ కార్డులు చూపించి ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్లు తీసుకున్నాం. చెరో చోట కూర్చున్నాం. నా సంచిలో రెండు వంపులు, సీసా, ఆకురాయి, బ్యాటరీ ఉన్నాయి. మేనేజరు కుర్చీలు వేయించాడు. అక్క కూర్చోలేదు, తను కడిగిన నేల మీద గోడ పక్కన నిలబడింది. నేను మొదటి నుంచి చెప్పాను. వంపులు బల్ల మీద పెట్టాను, చుక్క వేసి చూపిస్తానన్నాను. ఆయన చేత్తో ఆపాడు.

"నాకు గవన్ని తెల్వయమ్మా. ఆనాడు మీ మాట మీదనే ఆమెను తీసేసిన. ఈనాడు మీ మాట మీదనే పెట్టుకోవాల్నా? రెండిట్ల ఏది నిజమో నాకెట్ల తెలుస్తది? ఇద్దరు కలిసి ఒక్క బస్సుల వచ్చిన్రు. బయట ఏం మాట్లాడుకున్నరో ఏమో."

కోపం తన్నుకొచ్చింది గాని ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆయన చూపు నాకు కొత్తది కాదు. నేను రోజూ కాంటా పక్కన కూర్చుని అందరినీ చూసే చూపే. పళ్ళు చూసి, మొహం చూసి, మళ్ళీ పళ్ళు చూసే చూపు. నిజం చెప్తున్నాను సార్ అన్నాను. అంటుంటేనే తెలిసింది, అబద్ధం చెప్పేవాళ్ళు కూడా సరిగ్గా ఇదే మాట అంటారని. నా దుకాణంలో ఎన్నిసార్లు వినలేదు.

అప్పుడు గోడ దగ్గర నుంచి అక్క మాట్లాడింది.

"సారూ, ఆమె అనుమానం మనిషి. గానీ అబద్ధం మనిషి కాదు. పదేండ్లు ఆమె కాంటా చూసిన. ఆమె మాట నమ్ముండ్రి."

మేనేజరు అక్క వైపు తిరిగాడు. దొంగ అని తను తీసేసిన మనిషి, ఆ దొంగతనం అంటగట్టిన మనిషికి పూచీ పడుతోంది. ఆయనకు ఏమనిపించిందో నాకు తెలియదు. బల్ల మీద వంపులను నా వైపు జరిపాడు. సరే, నువ్వు చెప్తున్నావు కాబట్టి, సోమవారం నుంచి రా అన్నాడు అక్కతో. నా మాటను ఆమె మాట మీద నమ్మాడు. అక్క తలూపి బయటికి నడిచింది. నేను సంచి సర్దుకుని వెనకాలే వెళ్ళాను.

బస్టాపులో ఎండ మండుతోంది. ఇద్దరం రేకు నీడ కింద నిలబడ్డాం. నా గుండె మీంచి బండ దిగినట్టుంది, కొంచెం ధైర్యం వచ్చింది. ఇక మీదట శనివారాలు ఎప్పటిలాగే నా దగ్గరికి సామాను తెస్తావు కదా అక్కా అని అడిగాను. నీ సామాను మీద ఈ జన్మలో అయస్కాంతం పెట్టను అని కూడా అన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. నా మీద కోపంగా లేదు. అదే నన్ను భయపెట్టింది.

"తేను చెల్లె. ఇగ కోదాడల వేరే దుకాణానికి ఏసుకపోత. నువ్వు అబద్ధమాడవని సారుకు చెప్పిన, అది నాకెరుక. నన్ను నమ్ముతవని మాత్రం నేను ఎవ్వరికి చెప్పలేను."